కంపెనీ గురించి లింక్డ్‌ఇన్‌లో రాస్తే షోకాజ్ నోటీసు వచ్చింది. ఆర్టికల్ 19 కాపాడుతుందా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో మూడేళ్లుగా డెవలపర్. కంపెనీలో 200 మంది దాకా ఉంటారు. జూన్, జూలై జీతాలు పడలేదు. పోయిన శుక్రవారం లింక్డ్‌ఇన్‌లో పోస్ట్ పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే ఇదీ:

"మా కంపెనీ ఉద్యోగులందరినీ మోసం చేస్తోంది. రెండు నెలలుగా జీతాల్లేవు. పీఎఫ్ డబ్బులు కూడా మింగేశారు. మా డెలివరీ మేనేజర్ పెద్ద దొంగ. వీళ్లకి ప్రాజెక్టులిచ్చే క్లయింట్లు ఒకసారి ఆలోచించుకోండి."

కింద ఆ మేనేజర్‌నీ, ఒక క్లయింట్ కంపెనీనీ ట్యాగ్ చేశాడు. సోమవారం హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. 48 గంటల్లో సంజాయిషీ ఇవ్వాలట, పోస్ట్ వెంటనే తీసేయాలట, లేకపోతే పది లక్షలకు పరువునష్టం దావా వేసి పోలీసు కేసు కూడా పెడతారట. కంపెనీని కించపరిచేలా ఎక్కడా మాట్లాడకూడదని ఆఫర్ లెటర్‌లో ఒక క్లాజు ఉంది, దాని మీద వాడి సంతకమూ ఉంది.

వాడేమో "రాజ్యాంగం నాకు వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది, రాసిందంతా నిజమే, తీసేది లేదు" అని కూర్చున్నాడు. ఆర్టికల్ 19 ఇక్కడ పనిచేస్తుందా? పోస్ట్ తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందా? పోలీసులు నిజంగా వస్తారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఓరుగల్లు వకీలు:

గోదారిగట్టు గారూ, ముందు ఆర్టికల్ 19 సంగతి చూద్దాం. అక్కడ ఆధారపడి కూర్చుంటే అబ్బాయి నష్టపోతాడు. 19(1)(ఎ) ప్రధానంగా ప్రభుత్వం మీద ఉన్న హక్కు. ప్రభుత్వం, ప్రభుత్వ బ్యాంకులు, సింగరేణి లాంటి ప్రభుత్వ సంస్థలు నోరు నొక్కితే ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. ప్రైవేటు కంపెనీ షోకాజ్ ఇస్తే రిట్ నిలబడడం చాలా కష్టం, అది యజమానికీ ఉద్యోగికీ మధ్య ఒప్పందపు తగాదా అంటారు. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 19, 21 హక్కుల్ని ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చేయవచ్చని 4:1 మెజారిటీతో చెప్పిన మాట నిజమే. దాన్ని పట్టుకుని కింది స్థాయిలో షోకాజ్ నోటీసు కొట్టేయించొచ్చని మాత్రం అనుకోవద్దు.

వాడికి అసలు రక్షణ రెండు చోట్ల ఉంది. ఒకటి, రాసిన వాక్యాల్లో రుజువు చేయగలిగినవి ఎన్ని అన్నది. రెండు, ఆ ఫిర్యాదు ఎవరికి చెప్పాడన్నది. పోస్ట్‌ని వాక్యం వాక్యంగా విడదీసి చూడండి.

"రెండు నెలలుగా జీతాల్లేవు." బంగారం లాంటి వాక్యం. బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటి చాలు. కాకపోతే తన జీతం గురించి చెప్పినంత వరకే. మిగతా 199 మంది ఖాతాల్లో ఏం పడిందో వాడికి తెలియదు కదా. కంపెనీ వాళ్లలో పదిమందికి జీతం వేసిన కాగితం చూపిస్తే "ఉద్యోగులందరినీ" అన్న మాట అబద్ధమైపోతుంది.

"మోసం చేస్తోంది." చట్టంలో మోసం అంటే మొదటి నుంచీ దురుద్దేశం ఉండాలి. క్లయింటు దగ్గర డబ్బు ఆగిపోయి జీతం ఇవ్వలేకపోతే అది బాకీ అవుతుంది, మోసం కాదు. వాడు చెప్పదలుచుకున్నది బాకీ గురించే, వాడిన మాట మాత్రం నేరానిది.

"పీఎఫ్ మింగేశారు." అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం ఇదే. జీతంలోంచి ఉద్యోగి వాటా కోసి జమ చేయకపోతే అది నమ్మకద్రోహం కిందకే వస్తుంది, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 316లో దీని గురించి ప్రత్యేకంగా వివరణ ఉంది. కానీ జూన్, జూలైలో జీతమే ఇవ్వలేదంటున్నాడు. ఇవ్వని జీతంలోంచి కోత ఎక్కడిది? కట్టాల్సిన చందా కట్టకపోవడం వేరే తప్పు, దాన్ని "మింగడం" అనలేం. అంతకుముందు నెలల పేస్లిప్‌లలో పీఎఫ్ కోత చూపించి పాస్‌బుక్‌లో జమ లేకపోతే మాత్రం వాడి మాటకు బలం ఉన్నట్టే. ఏ నెల చందా అయినా తర్వాతి నెల 15లోపు జమ కావాలి. ఉమంగ్ యాప్‌లోగానీ ఈపీఎఫ్‌ఓ సైట్‌లోగానీ పాస్‌బుక్ తెరిచి, పేస్లిప్‌లు పక్కన పెట్టుకుని నెలవారీగా సరిచూసుకోమనండి. ఈ పని పోస్ట్ పెట్టకముందే చేయాల్సింది.

"మేనేజర్ పెద్ద దొంగ." దీన్ని కాపాడే దారి లేదు. కంపెనీ వదిలేసినా ఆ మేనేజర్ సొంతంగా కేసు వేయొచ్చు. పైగా జీతాలు ఆపింది డెలివరీ మేనేజరా, ఫైనాన్స్ వాళ్లా?

ఇప్పుడు "నిజమే రాశాను" అన్న వాదన. సివిల్ దావాలో నిజమని రుజువు చేస్తే పూర్తి రక్షణ. క్రిమినల్‌లో, అంటే న్యాయ సంహిత 356లో, నిజం ఒక్కటే చాలదు, అది చెప్పడం ప్రజాహితం కోసమై ఉండాలి. అయితే అదే సెక్షన్‌లో పది మినహాయింపులున్నాయి. అందులో ఎనిమిదోది ఇక్కడ ముఖ్యం: ఆ విషయం మీద అధికారం ఉన్నవారికి సద్భావంతో చేసిన ఫిర్యాదు పరువునష్టం కాదు. అంటే ఇవే ఆరోపణలు లేబర్ ఆఫీసుకో ఈపీఎఫ్‌ఓకో రాసుంటే ఇంత తలనొప్పి ఉండేది కాదు. తొమ్మిదోది తన ప్రయోజనాన్ని కాపాడుకోవడానికి సద్భావంతో చెప్పిన మాటలకు వర్తిస్తుంది. "దొంగ" అన్నచోట సద్భావం చూపించడం కష్టం.

పోలీసుల విషయం. పరువునష్టం నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్. స్టేషన్‌లో నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు. బాధితుడే మెజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 223 ప్రకారం మెజిస్ట్రేట్ దాన్ని స్వీకరించే ముందే నిందితుడికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి. గరిష్ఠ శిక్ష రెండేళ్ల సాధారణ ఖైదు లేదా జరిమానా లేదా రెండూ, లేదంటే సమాజసేవ. సుప్రీంకోర్టు 2015లో సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలోని సెక్షన్ 66ఎ కొట్టేసింది కాబట్టి ఆ పేరుతో ఎవరైనా బెదిరిస్తే చెల్లదు. ఒకవేళ పోస్ట్‌లో చంపుతానన్న బెదిరింపో, కులం పేరుతో దూషణో ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది, అప్పుడు పోలీసులు రావొచ్చు. ఇక పది లక్షల దావా అంటే కోర్టు ఫీజు ముందు కంపెనీయే కట్టుకోవాలి. ప్రచురించిన రోజు నుంచి ఏడాదిలోపు వేయాలి కూడా.

హెచ్‌ఆర్ బల్ల అవతల:

వకీలు గారు చట్టం చెప్పారు, నేను ఆఫీసులో ఏం నడుస్తుందో చెప్తాను. ఇలాంటి కేసుల్లో సగం నష్టం పోస్ట్ వల్ల జరగదు, షోకాజ్ వచ్చిన తర్వాత రెండు రోజుల్లో కంగారుగా చేసే పనుల వల్ల జరుగుతుంది.

మొట్టమొదట ఆధారాలు. పోస్ట్ ముట్టుకోకముందే తేదీ, సమయం, యూఆర్‌ఎల్, కామెంట్లు అన్నీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయాలి. లింక్డ్‌ఇన్ సెట్టింగ్స్‌లో మీ డేటా కాపీ డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం ఉంది, అదీ వాడాలి. జీతం ఖాతా స్టేట్‌మెంట్, పేస్లిప్‌లు, ఆఫర్ లెటర్, షోకాజ్ మెయిల్, ఇవన్నీ వాడి సొంత కాగితాలు, దాచుకోవచ్చు. క్లయింట్ మెయిళ్లు, ఇన్‌వాయిస్‌లు, వేరేవాళ్ల జీతాల షీట్లు మాత్రం ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి సొంత జీమెయిల్‌కి పంపుకోవద్దు. చాలామంది "సాక్ష్యం" అనుకుంటూ ఈ పనే చేస్తారు. అది ఐటీ చట్టం 43, 66 కిందకి లాగడానికి వీలిచ్చే పని. జీతం బాకీ పడ్డ ఉద్యోగి ఆ ఒక్క మెయిల్‌తో డేటా దొంగగా మారిపోతాడు, కంపెనీ ఇక జీతం గురించి మాట్లాడాల్సిన అవసరమే లేకుండా పోతుంది.

పోస్ట్ తీయాలా అంటే, నా సలహా ఈ రాత్రికే తీసేయమని. తీసేసినంత మాత్రాన ఒప్పుకోలు కాదు, జవాబులో ఆ మాట ఒక్క వాక్యంలో రాస్తే సరిపోతుంది. ఎడిట్ చేసి ఉంచడం కంటే తీసేయడం మేలు, ఎందుకంటే ఎడిట్ చేస్తే అసలు రాసింది అందరికీ గుర్తుంటుంది, మార్చాడన్న గుర్తు కూడా కనిపిస్తుంది. దోస్తులు షేర్ చేసినవి కూడా తీయమని అడగాలి, తిరిగి షేర్ చేయడమూ ప్రచురణే.

క్లయింట్‌ని ట్యాగ్ చేయడం గురించి వకీలు గారు ప్రస్తావించలేదు. కంపెనీల్లో అసలు కోపం తెప్పించేది అదే. చాలా ఎన్‌డీఏలలో, అంటే గోప్యతా ఒప్పందాల్లో, క్లయింట్ పేరు కూడా గోప్యమే. జీతం గురించి ఎంత రాసినా ఊరుకునే హెచ్‌ఆర్, క్లయింట్ అకౌంట్ మేనేజర్ నుంచి ఫోన్ రాగానే టర్మినేషన్ లెటర్ టైపు చేయడం మొదలుపెడుతుంది. వాడి ఎన్‌డీఏ తీసి క్లయింట్ పేరు చెప్పకూడదని ఎక్కడైనా ఉందేమో ముందు చూడండి.

జవాబు ఎలా ఉండాలో నమూనా ఇస్తున్నాను, ఇంతకంటే పెంచొద్దు:

"మీ నోటీసు అందింది. జూన్, జూలై నెలల జీతం ఈ రోజు వరకు నా ఖాతాలో జమ కాలేదు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను. ఆ ఆవేదనలో రాసిన పోస్ట్‌ను సద్భావంతో తొలగించాను, దీన్ని ఏ ఆరోపణకూ అంగీకారంగా పరిగణించరాదు. ఒక సహోద్యోగి గురించి వాడిన మాటకు విచారిస్తున్నాను. నోటీసులో పేర్కొన్న సోషల్ మీడియా పాలసీ ప్రతిని, నేను దాన్ని అందుకున్నట్టు ఉన్న రికార్డును ఇప్పించండి. పూర్తి వివరణకు ఏడు రోజుల గడువు కోరుతున్నాను. బకాయి జీతం ఏ తేదీన చెల్లిస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి."

పాలసీ ప్రతి ఎందుకు అడగమన్నానంటే, చాలాచోట్ల పాలసీ ఇంట్రానెట్‌లో ఏదో మూల పడుంటుంది, ఉద్యోగి చూసినట్టు సంతకం ఉండదు. విచారణలో అది పనికొచ్చే లోపం. ఆఫీసు మెయిల్ నుంచి జవాబు పంపి, సొంత మెయిల్‌కి బీసీసీ పెట్టుకోవాలి. ఏ క్షణంలోనైనా ఆఫీసు మెయిల్ యాక్సెస్ తీసేస్తారు.

ఆ తర్వాత ఒక చిన్న గదికి పిలిచి "రాజీనామా ఇచ్చేయ్, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం" అంటారు. అక్కడే సంతకం చేయొద్దు. "మెయిల్‌లో పంపండి, చదివి చెప్తాను" అనాలి, అంతే. తీసేస్తే ఏం దొరుకుతుందంటే: తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం 1988లో సెక్షన్ 47 ఉంది. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి. ఏడాది దాటితే ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం కూడా. దుష్ప్రవర్తన అంటే విచారణ జరిపి రుజువు చేయాలి. సెక్షన్ 48 కింద కార్మిక శాఖ సహాయ కమిషనర్ దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. మేనేజ్‌మెంట్ స్థానంలో ఉన్నవాళ్లకు ఇది దొరకదు, డెవలపర్‌కు దొరుకుతుంది. వేతనాల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7లోపు ఇవ్వాలి, తీసేసినా రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులకు" అన్న పాత పాట ఇక చెల్లదు.

ఓరుగల్లు వకీలు:

క్లయింట్ ట్యాగ్ మాట నిజమే, నేను వదిలేశాను. ఆఫర్ లెటర్‌లోని క్లాజు గురించి కూడా రెండు ముక్కలు. కించపరచకూడదన్న షరతు పూర్తిగా చెల్లదని అనలేం. కానీ కాంట్రాక్టు చట్టం 28 ప్రకారం న్యాయస్థానానికి వెళ్లే హక్కును ఒప్పందంతో తీసేయలేరు. లేబర్ ఆఫీసులోనో ఈపీఎఫ్‌ఓలోనో చేసే చట్టబద్ధమైన ఫిర్యాదుకు ఆ క్లాజు అడ్డు అంటే ఏ కోర్టూ ఒప్పుకోదు. క్లాజులో "ఉల్లంఘిస్తే 5 లక్షలు" అని అంకె వేసినా సెక్షన్ 74 ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు సమంజసం అనుకున్నంతే ఇప్పిస్తుంది.

పోస్ట్ మళ్లీ పెట్టాలనే పట్టుదల ఉంటే ఇలా రాయమనండి: "జూన్, జూలై జీతాలు ఆగస్టు 10 నాటికి నా ఖాతాలో జమ కాలేదు. హెచ్‌ఆర్‌కు రెండుసార్లు మెయిల్ రాశాను, చెల్లింపు తేదీ చెప్పలేదు. కార్మిక శాఖలో ఫిర్యాదు చేశాను." తేదీలు నిజమైనవి వేయాలి, ఫిర్యాదు చేశాకే మూడో వాక్యం రాయాలి. విశేషణం ఒక్కటీ ఉండకూడదు, ట్యాగ్ అసలే వద్దు. చదివేవాళ్లకు విషయం ముందటికంటే బాగా అర్థమవుతుంది చూడండి.

బడిగంట:

ఇది చదివే టీచర్లు, ఇతర ప్రభుత్వ ఉద్యోగుల కోసం. మన పరిస్థితి దీనికి దాదాపు తలకిందులు. ఆర్టికల్ 19 మనకు నేరుగా ఉంది, 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని చెప్పింది. కానీ నెత్తిన 1964 నాటి ప్రవర్తనా నియమావళి కూడా ఉంది, అందులో ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదని నిబంధన. ఏపీఎస్ ఆర్టీసీ మిత్రులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు కాబట్టి వాళ్లూ ఇది గమనించాలి.

తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. 1998లో దేవేంద్రప్ప కేసులో కర్ణాటక ప్రభుత్వ సంస్థ ఉద్యోగి పత్రికలకెక్కితే, తీసేయడం సరైనదేనని సుప్రీంకోర్టు అంది. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఫేస్‌బుక్ పోస్ట్ విషయంలో ఒక మహిళా ఉద్యోగి పక్షం వహించింది. 2023లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, వాట్సాప్ గ్రూపులో పై అధికారుల నిర్ణయాల్ని విమర్శించిన గ్రామీణ బ్యాంకు ఉద్యోగి మీద చార్జి మెమో కొట్టేస్తూ, ఉద్యోగికి గోడు వెళ్లబోసుకునే హక్కు ఉందంది. ఆ గ్రూపు ఉద్యోగులకే పరిమితమైంది, అది గుర్తుంచుకోవాలి.

కాబట్టి "పీఆర్సీ ఆలస్యం వల్ల మాకు ఫలానా నష్టం" అని సంఘం లెటర్‌హెడ్ మీద ప్రాతినిధ్యం ఇవ్వడం వేరు, ముఖ్యమంత్రి మీద వ్యక్తిగత మీమ్ ఫార్వర్డ్ చేయడం వేరు. ఫార్వర్డ్ చేసినా మీరు రాసినట్టే లెక్కగడతారు. సస్పెన్షన్ ఉత్తర్వు వస్తే దాని మీద సంతకం పెట్టి తీసుకోండి, తిరస్కరించొద్దు. చార్జి మెమోలో ఏ నిబంధన ఉల్లంఘించారో, ఏ మాటతో ఉల్లంఘించారో స్పష్టంగా రాయకపోతే మొదటి జవాబులోనే ఆ లోపాన్ని ఎత్తిచూపండి. తర్వాత ఎత్తితే బలం ఉండదు.

డాలస్ నుంచి:

ఇక్కడి మనవాళ్లు కూడా ఇదే పొరపాటు పడతారు, అమెరికా రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే ఫస్ట్ అమెండ్‌మెంట్ కాపాడుతుందనుకుంటారు. అది కూడా ప్రభుత్వం మీదే. ప్రైవేటు ఉద్యోగులకు పనికొచ్చేది 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టంలోని సెక్షన్ 7. యూనియన్ లేకపోయినా వర్తిస్తుంది, హెచ్1బీ వాళ్లకూ వర్తిస్తుంది. సూపర్‌వైజర్లకు వర్తించదు. జీతాలు, పని పరిస్థితుల గురించి తోటి ఉద్యోగులతో కలిసి, లేదా వాళ్ల తరఫున మాట్లాడితేనే రక్షణ. ఒంటరిగా మేనేజర్‌ని తిట్టుకుంటే లేదు. అంటే సహోద్యోగులు కామెంట్లలో "మాకూ పడలేదు" అని చేరిన పోస్ట్ బలమైనది. తీసేస్తే ఆరు నెలల్లోపు జాతీయ కార్మిక సంబంధాల బోర్డు (ఎన్‌ఎల్‌ఆర్‌బీ)లో చార్జ్, అంటే ఫిర్యాదు, వేయాలి, ఫీజు లేదు.

కన్సల్టెన్సీ ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొడితే ఫేస్‌బుక్ గ్రూపుల్లో రాయడం కంటే అమెరికా కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్-4 ఫారం (హెచ్1బీ ఫిర్యాదు పత్రం) పంపడం వందరెట్లు మేలు. ప్రాజెక్టు లేకపోయినా ఎల్‌సీఏలో (హెచ్1బీ కోసం యజమాని కార్మిక శాఖకు ఇచ్చే పత్రంలో) చూపిన జీతం ఇవ్వాల్సిందే. 12 నెలల గడువు. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులే చేతిలో ఉంటాయి కాబట్టి ఫారం ముందు, పోస్ట్ తర్వాత.

గోదారిగట్టు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. వాడు మెత్తబడ్డాడు, స్క్రీన్‌షాట్లు తీసి పోస్ట్ తొలగించాడు. పాస్‌బుక్ చూశాం: మార్చి దాకా జమ ఉంది, ఏప్రిల్, మే పేస్లిప్‌లలో కోత ఉంది గానీ జమ లేదు. ఇంకొక్క ప్రశ్న. ఉద్యోగులు కంపెనీల రివ్యూలు రాసే గ్లాస్‌డోర్‌లోనో అంబిషన్‌బాక్స్‌లోనో పేరు లేకుండా రాయొచ్చా?

ఓరుగల్లు వకీలు:

ఏప్రిల్, మే కోత దొరికిందంటే చేతికి అసలైన ఆయుధం వచ్చినట్టే. ఆ రెండు పేస్లిప్‌లు, పాస్‌బుక్ పీడీఎఫ్ జతచేసి ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడి నంబరుతో) వేయండి, నమోదు సంఖ్య రాసుకోండి. "మింగేశారు" అన్నమాట అక్కడా వద్దు. "కోసిన మొత్తం జమ కాలేదు" చాలు. జీతం బాకీకి కార్మిక శాఖలో విడిగా ఫిర్యాదు పెట్టాలి, రెండూ ఒకే కాగితంలో కలపొద్దు, ఏ ఆఫీసూ తనది కాదంటుంది.

పేరులేని రివ్యూ చట్టం దృష్టిలో వేరే ఏమీ కాదు. కోర్టు ఆదేశిస్తే సైటు దగ్గరున్న వివరాలు ఇవ్వాల్సి వస్తుంది. అంతకంటే ముందే మాటలే పట్టిస్తాయి: షోకాజ్ వచ్చిన వారంలోనే "జూన్, జూలై, డెలివరీ మేనేజర్" అని వస్తే ఎవరు రాశారో చెప్పడానికి కోర్టు అక్కర్లేదు. విచారణ నడుస్తున్నంత కాలం రాయకపోవడమే మంచిది.

షోకాజ్ మెయిల్ సోమవారం ఎన్ని గంటలకు వచ్చిందో చూడండి. 48 గంటల లెక్క అక్కడి నుంచే. గడువు దాటాక వెళ్లిన మంచి జవాబు కంటే గడువులో వెళ్లిన ఆరు వాక్యాలు నయం. పైన హెచ్‌ఆర్ గారు ఇచ్చిన నమూనాలో ఏప్రిల్, మే పీఎఫ్ కోత గురించి ఒక్క వాక్యం చేర్చి ఈ రాత్రికే పంపించేయమనండి.

హెచ్‌ఆర్ బల్ల అవతల:

పంపాక సెంట్ ఫోల్డర్ స్క్రీన్‌షాట్ కూడా తీసుకోమనండి, సమయం కనిపించేలా.

గోదారిగట్టు:

సోమవారం సాయంత్రం 5:40కి వచ్చింది. రేపు 5:40 వరకు టైముంది. ఇప్పుడే కూర్చుని టైపు చేస్తున్నాం.